నిరోధకత అనే మాట: కోడికణాల్లో రెట్రోవైరస్ మనుగడపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: కోళ్లలో కణితులు, ల్యూకోసిస్ కలిగించే రెట్రోవైరస్‌ల అధ్యయనంలో 'నిరోధక కణం' అనే భావన 1960ల నుండి వాడుకలో ఉంది. ఈ ఒక్క మాట కింద కనీసం నాలుగు భిన్నమైన జీవప్రక్రియలు చేరిపోయాయి. వాటిలో కొన్ని అంతర్గామిగా, కొన్ని బహిర్గతంగా సంక్రమిస్తాయి. కొన్నిటిలో వైరస్ కణంలోకి రాదు, కొన్నిటిలో అది అప్పటికే లోపల ఉంటుంది. శాస్త్రసాహిత్యం ఈ మాటను వాడిన తీరును చారిత్రక క్రమంలో పరిశీలించి, ఆ వాడుక ఎక్కడ ఉపకరించిందో, ఎక్కడ దారి తప్పించిందో నిర్ధారించడం, తెలుగు బోధనలో దాన్ని ఎలా విడదీసి చెప్పాలో సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: రెట్రోవైరస్, ప్రోవైరస్, నిరోధకత, గ్రాహకం, అంతర్జాత వైరస్, రౌస్ సార్కోమా, ఏవియన్ ల్యూకోసిస్.

1. ఉపోద్ఘాతం:

పేటన్ రౌస్ 1910లో ప్లిమత్ రాక్ జాతి కోడిలోని సార్కోమా కణితిని ఇతర కోళ్లకు మార్పిడి చేసినప్పుడు, మొదట్లో ఆ కణితి అదే మందకు చెందిన దగ్గరి బంధుత్వం గల కోళ్లలో మాత్రమే పెరిగింది. మరుసటి సంవత్సరం కణాలు లేని వడపోత ద్రవంతోనూ కణితి పుడుతుందని ఆయన నిరూపించాడు. దానికి మూడేళ్ల ముందే, 1908లో, కోపెన్‌హాగన్‌లో ఎలర్‌మన్, బాంగ్ కోళ్ల ల్యూకోసిస్ కూడా వడపోత ద్రవంతో సంక్రమిస్తుందని చూపారు. చరిత్ర గ్రంథాలు సాధారణంగా వడపోత ద్రవానికే ప్రాధాన్యం ఇస్తాయి. అన్ని కోళ్లూ ఒకే విధంగా కణితికి లొంగవన్న 1910 నాటి పరిశీలన మరుగున పడిపోయింది. అక్కడ మార్పిడి అయినవి సజీవ కణాలు కనుక దాన్ని నేరుగా వైరస్ నిరోధకతగా చెప్పడం సరికాదు. అయినా ఏ కోడి లొంగుతుంది, ఏ కోడి లొంగదు అన్న ప్రశ్న ఈ శాస్త్రశాఖ పుట్టుకతోనే ఉందని గమనించాలి.

ఆ ప్రశ్నకు దొరికిన జవాబుకు 'నిరోధకత' అని పేరు పెట్టారు. పేరు కుదిరాక ప్రశ్న తీరిపోయినట్లు భావించడం పరిశోధనలో తరచుగా కనిపించే ప్రమాదం. కోడికణాల విషయంలో ఆ ప్రమాదం ఎలా సంభవించిందో ఈ కింది విభాగాలు వివరిస్తాయి.

2. పదచర్చ – శక్తియా, లేమియా?

తెలుగులో 'నిరోధకత' అనగానే పాఠకుడికి 'వ్యాధినిరోధక శక్తి' స్ఫురిస్తుంది. ఆ సమాసంలో 'శక్తి' అనే ఉత్తరపదం ఉంది. శరీరం ఏదో ఒకటి చేస్తున్నదని, శత్రువును గుర్తించి ఎదుర్కొంటున్నదని ఆ పదం సూచిస్తుంది. ప్రతిదేహాలు, తెల్ల రక్తకణాలు మొదలైన వాటి విషయంలో ఆ సూచన సమంజసమే.

వైరస్ శాస్త్రంలో 'నిరోధక కోడికణం' అన్నప్పుడు ఎక్కువ సందర్భాల్లో ఉద్దేశించిన అర్థం దీనికి విరుద్ధం. ఆ కణం ఏమీ చేయదు. వైరస్ పట్టుకుని లోపలికి రావడానికి కావలసిన గ్రాహక ప్రోటీన్ దాని ఉపరితలంపై లేదు, లేదా వికలంగా ఉంది. క్రిటెండెన్, ఆయన సహచరులు 1960ల ఆరంభంలో జరిపిన సంకరణ ప్రయోగాల్లో లొంగుబాటు బహిర్గత లక్షణంగా, నిరోధకత అంతర్గత లక్షణంగా తేలడానికి కారణం ఇదే. తల్లిదండ్రులలో ఒకరి నుండి పనిచేసే గ్రాహక జన్యువు వస్తే చాలు, వైరస్‌కు దారి దొరుకుతుంది. రెండు ప్రతులూ పాడైతేనే దారి మూసుకుంటుంది. కనుక ఇది శక్తి కాదు, లేమి. ఈ తేడా చెప్పకుండా 'నిరోధక శక్తి గల కణాలు' అని తెలుగులో రాస్తే విద్యార్థికి అసత్యం చెప్పినట్లే.

3. 'సి/ఇ' సంకేతం – చెప్పేది, చెప్పనిది:

1960ల మధ్యలో పీటర్ వోగ్ట్, ఇషిజాకి రెండు కోడి వంశాలను పోల్చినప్పుడు, ఒక వంశానికి సోకే వైరస్ మరో వంశానికి సోకకపోవడం, దీనికి సరిగ్గా విపర్యయంగా ఇంకో వైరస్ ప్రవర్తించడం కనిపించింది. ఇలాంటి పరిశీలనల నుండే వైరస్‌లను ఎ, బి, సి, డి ఉపవర్గాలుగా, తర్వాత ఇ ఉపవర్గంగా విభజించే పద్ధతి స్థిరపడింది. కణాలకు దానికి తగిన సంకేతం ఏర్పడింది. గీతకు ముందున్న 'సి' కోడిని, గీత తర్వాతి అక్షరం ఆ కణం మినహాయించే ఉపవర్గాన్ని తెలుపుతుంది. 'సి/ఎ' అంటే ఎ ఉపవర్గాన్ని రానివ్వని కోడికణం. 'సి/బిఇ' అంటే బి, ఇ రెండింటినీ రానివ్వనిది. దేన్నీ మినహాయించనిది 'సి/0'.

ఇది పొదుపైన సంకేతం. ప్రయోగశాలలో ఏ కణాన్ని ఏ వైరస్‌తో పరీక్షించాలో ఒక్క చూపులో తెలుపుతుంది. అయితే దీని పరిమితి దాని నిర్మాణంలోనే ఉంది. ఇది బయటి నుండి వచ్చే వైరస్ ప్రవేశిస్తుందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ప్రవేశం తర్వాత ఏమవుతుందో, కణంలో అప్పటికే ఏముందో చెప్పదు. పిరైనో 1967లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం నిరోధక కణాల ఉపరితలానికి రౌస్ వైరస్ అంటుకోవడంలో పెద్ద తేడా లేదు. అడ్డంకి చొచ్చుకుపోయే దశలో ఉంది. అనగా 'సి/ఎ' అన్న సంకేతం వైరస్ జీవచక్రంలోని ఒకే ఒక్క మెట్టును వర్ణిస్తున్నది.

ఆ మెట్టును తప్పించి చూస్తే విషయం స్పష్టమవుతుంది. హిడెసబురో హనఫుసా, టెరుకో హనఫుసా, హ్యారీ రూబిన్ 1963లో బ్రయాన్ రకం రౌస్ వైరస్ లోపభూయిష్టమని, సొంత ఆవరణ ప్రోటీన్ తయారు చేసుకోలేదని, తోడు వైరస్ ఇచ్చే ఆవరణతోనే బయటికి వస్తుందని తెలిపారు. తోడు వైరస్ ఎ ఉపవర్గానిదైతే ఆ రౌస్ రేణువు సి/ఎ కణంలోకి పోలేదు. అదే జన్యుపదార్థం బి ఉపవర్గపు ఆవరణ తొడుక్కుంటే సి/ఎ కణంలోకి ప్రవేశించి దాన్ని కణితి కణంగా మారుస్తుంది. లోపలికి వెళ్లిన ఆర్.ఎన్.ఏ. అదే, మారింది చొక్కా మాత్రమే. కణం లోపలి యంత్రాంగం వైరస్‌ను ఏ విధంగానూ నిరోధించలేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అవసరం లేదు.

4. సోకినందువల్లనే నిరోధించిన కణం:

నిరోధకత అనే మాటలోని రెండో చిక్కు అంతకు ముందే, 1960లో, రూబిన్ పరిశోధనలో బయటపడింది. కొన్ని కోడి పిండాల నుండి పెంచిన కణాలు రౌస్ వైరస్‌కు లొంగలేదు. చూడటానికి అవి పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నాయి. కారణం వెతికితే, వాటిలో అప్పటికే మరో వైరస్ వృద్ధి చెందుతున్నదని తేలింది. దానికి 'నిరోధకత కలిగించే కారకం' అని పేరు పెట్టారు. అది తల్లి కోడి నుండి గుడ్డు ద్వారా పిండానికి సంక్రమించిన ఏవియన్ ల్యూకోసిస్ వైరస్.

ఇందులోని వైపరీత్యం గమనించదగ్గది. ఈ కణాలు వైరస్ లేనందువల్ల కాక, వైరస్ ఉన్నందువల్ల 'నిరోధకాలు' అయ్యాయి. లోపలి వైరస్ తయారు చేసే ఆవరణ ప్రోటీన్ కణంలోని గ్రాహకాలను ఆక్రమించడం వల్ల అదే గ్రాహకంపై ఆధారపడే కొత్త వైరస్‌కు చోటు దొరకదు. రెట్రోవైరస్ ఆతిథేయ కణాన్ని సాధారణంగా చంపదు. దాని ఆర్.ఎన్.ఏ. నుండి ఏర్పడిన డి.ఎన్.ఏ. కణపు వర్ణదేహంలో చేరిపోయి, కణం విభజన చెందిన ప్రతిసారీ తానూ రెట్టింపవుతుంది. ఈ ప్రోవైరస్ భావనను హోవర్డ్ టెమిన్ 1964లో ప్రతిపాదించినప్పుడు ఎక్కువమంది అంగీకరించలేదు. 1970లో టెమిన్–మిజుతాని, విడిగా డేవిడ్ బాల్టిమోర్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను కనుగొన్న తర్వాతే అది నిలిచింది. ఆ వెలుగులో చూస్తే, రూబిన్ కణాల 'నిరోధకత' సంక్రమణకు విరుద్ధం కాదు, సంక్రమణకే గుర్తు.

సి/ఎ కణాన్నీ, ఈ కణాన్నీ ఒకే మాటతో పిలిస్తే, ఒకటి ఖాళీ ఇల్లు, రెండోది అప్పటికే అద్దెకున్నవారు తలుపు గడియ వేసుకున్న ఇల్లు అన్న తేడా చెరిగిపోతుంది.

5. పరీక్షించే కణపు లోపం వైరస్ లోపంగా:

పై అస్పష్టత కేవలం పదజాలానికి పరిమితం కాలేదు. అది ఒక నిర్ధారణనే తప్పుదారి పట్టించింది. బ్రయాన్ రౌస్ వైరస్ ఒంటరిగా సోకిన కణితి కణాలను తొలుత 'వైరస్ ఉత్పత్తి చేయని కణాలు' అన్నారు. వాటి నుండి సేకరించిన ద్రవం పరీక్షా కణాలకు సోకలేదు కనుక ఆ పేరు సహజంగానే తోచింది. 1967లో వోగ్ట్, ఆ తర్వాత రాబిన్ వైస్ చూపినదేమంటే, అలాంటి కణాలలో కొన్ని సంక్రమించగల వైరస్‌నే విడుదల చేస్తున్నాయి. ఆ వైరస్ కొన్ని కోడికణాలకు, జపాన్ కౌజుపిట్ట కణాలకు సోకింది. అంతవరకు పరీక్షకు వాడిన కోడికణాలకు ఆ ఉపవర్గపు గ్రాహకం లేదు.

ఇక్కడ పరిశోధకులు అజాగ్రత్తగా ఉన్నారనడం న్యాయం కాదు. కొన్ని కణాలు విడుదల చేసే రేణువులు నిజంగానే సోకవు. రెండు స్థితులు కలగలిసి ఉన్నప్పుడు వాటిని విడదీయడానికి సమయం పట్టింది. విమర్శకు గురికావలసింది వ్యక్తులు కాదు, 'నిరోధకత'ను కణపు నిరపేక్ష గుణంగా చూసిన ఆలోచనా విధానం. నిరోధకత ఎప్పుడూ ఒక కణానికీ, ఒక వైరస్ ఆవరణకూ మధ్యనున్న సంబంధం. ఒక వైపు మాత్రమే పేర్కొంటే వాక్యం అసంపూర్ణం.

6. లోపలి నుండి వచ్చిన వైరస్:

మరి, సొంత ఆవరణ లేని బ్రయాన్ వైరస్‌కు ఒంటరిగా ఉన్నప్పుడు ఆవరణ ఎక్కడిది? సోకని ఆరోగ్యవంతమైన కోడికణమే దాన్ని సమకూరుస్తున్నదని 1970 నాటికి హనఫుసా బృందం గుర్తించింది. పేన్, చబ్ 1968లో వైరస్ సోకని కోళ్లలోనూ వైరస్ సంబంధిత ప్రతిజనకం ఒక బహిర్గత జన్యువుగా తరతరాలకు సంక్రమించడాన్ని నివేదించారు. 1971లో వైస్, ఫ్రీస్, కాట్జ్, వోగ్ట్ సాధారణ కోడికణాలను వికిరణానికి, కేన్సర్ కారక రసాయనాలకు గురిచేసి వాటి నుండి వైరస్‌ను వెలికితీశారు. కోడి జన్యుపదార్థంలోనే వైరస్ జన్యువులు వంశపారంపర్యంగా ఉన్నాయన్న నిర్ధారణకు ఇవన్నీ దారి తీశాయి. ఆ ప్రోవైరస్ స్థానాలను తర్వాత 'ఈవీ' అనే పేరుతో వరుస సంఖ్యలిచ్చి గుర్తించారు.

ఈ అంతర్జాత వైరస్‌లు ఇ ఉపవర్గానికి చెందినవి. వాటిని మోసే కోళ్లలో చాలా వాటి కణాలు 'సి/ఇ' రకం, అనగా ఇ ఉపవర్గానికి నిరోధకాలు. సంకేతాన్ని మాత్రమే చదివేవారికి 'ఇ వైరస్ రాని కణం' అని అర్థమవుతుంది. వాస్తవంలో ఆ కణపు ప్రతి కేంద్రకంలోనూ ఇ వైరస్ జన్యువు ఉండవచ్చు, అది వైరస్ రేణువులను విడుదల చేస్తూ ఉండవచ్చు కూడా. విడుదలైన రేణువు పక్క కణంలోకి మళ్లీ ప్రవేశించలేదు, అంతే. 'ఈవీ-2' స్థానం నుండి పూర్తి వైరస్ వెలువడుతుంది. తెల్ల లెగ్‌హార్న్ కోళ్లలో సాధారణంగా కనిపించే 'ఈవీ-1' దాదాపు మౌనంగా ఉంటుంది. డి.ఎన్.ఏ. మిథైలేషన్‌ను ఆపే అజాసైటిడిన్‌తో ఆ మౌనం తొలగుతుందని గ్రౌడిన్, ఐసెన్‌మన్, వైంట్రాబ్ 1981లో తెలిపారు.

ఇక్కడ నిరోధకతకు పూర్తిగా కొత్త అర్థం వస్తుంది. అది వైరస్‌ను నిర్మూలించే సాధనం కాదు, వైరస్‌తో కలిసి బతకడానికి కుదిరిన ఒడంబడిక. తిరిగి సోకే అవకాశం లేకపోతే కొత్త ప్రోవైరస్‌లు వర్ణదేహాల్లో చేరడం తగ్గుతుంది. కణానికి హాని తగ్గుతుంది. పాత ప్రోవైరస్ మాత్రం బీజకణాల ద్వారా పిల్లలకు చేరుతూనే ఉంటుంది. నిరోధక కణంలో వైరస్ మనుగడకు సంక్రమణ అవసరం లేదు, వారసత్వం చాలు.

దీనికి తోడు, ఇ ఉపవర్గపు నిరోధకత అంతా ఒకటే కాదు. 1981లో హారియెట్ రాబిన్సన్, సహచరులు ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఆవరణ ప్రోటీన్‌ను వ్యక్తపరిచే కొన్ని లోపభూయిష్ట అంతర్జాత ప్రోవైరస్‌లు గ్రాహకాన్ని అడ్డుకుని ఇ ఉపవర్గ సంక్రమణను నివారిస్తాయి. ఇది బహిర్గత లక్షణం. గ్రాహకలేమి అంతర్గత లక్షణం. పరీక్షలో రెండూ 'వైరస్ సోకలేదు' అనే ఒకే ఫలితాన్నిస్తాయి. కోళ్ల సంకరణ ప్రణాళికలో మాత్రం రెండూ పరస్పర విరుద్ధంగా ప్రవర్తిస్తాయి.

7. ప్రవేశం తర్వాతి అడ్డంకి:

కోడిని దాటి చూస్తే మరో రకం నిరోధకత కనిపిస్తుంది. ప్రాగ్‌లో యాన్ స్వొబొడ రౌస్ వైరస్‌తో ఎలుకలో పుట్టించిన కణితి కణాలు వైరస్‌ను విడుదల చేయలేదు. వాటిని కోడికణాలతో కలిపినప్పుడు మాత్రం వైరస్ తిరిగి వచ్చింది. అనగా తరాల తరబడి ఎలుక కణాల్లో ప్రోవైరస్ చెక్కుచెదరకుండా ఉంది; దాన్ని వైరస్ రేణువుగా మార్చే అనుకూలత అక్కడ లేదు. ఇక్కడ తలుపు తెరిచే ఉంది, అడ్డంకి లోపల ఉంది. కోడికణపు సి/ఎ స్థితికి ఇది సరిగ్గా తలకిందుల రూపం. రెండింటినీ 'నిరోధకత' అనే అంటారు.

8. అణుస్థాయి వివరణ – తీరిన ప్రశ్న, తీరని ప్రశ్న:

1993లో బేట్స్, యంగ్, వార్మస్ ఎ ఉపవర్గపు గ్రాహకం కొవ్వు ప్రోటీన్ గ్రాహక కుటుంబానికి చెందినదని చూపారు. 1996లో బి ఉపవర్గపు గ్రాహకం కణమరణాన్ని నడిపించే గ్రాహక కుటుంబానికి చెందినదని తేలింది. సి ఉపవర్గానిది బ్యూటిరోఫిలిన్‌లను పోలినదని 2005లో, జె ఉపవర్గానిది సోడియం–హైడ్రోజన్ మార్పిడి ప్రోటీన్ అని 2006లో తెలిసింది. నిరోధక వంశాల్లోని లోపాలు కూడా బయటపడ్డాయి. ఎ ఉపవర్గాన్ని రానివ్వని ఒక వంశంలో గ్రాహకపు 40వ స్థానంలో సిస్టీన్ బదులు ట్రిప్టోఫాన్ ఉంది. మరో వంశంలో నాలుగు న్యూక్లియోటైడ్‌లు అదనంగా చేరాయి. ఇ ఉపవర్గాన్ని మాత్రమే మినహాయించి బి, డి ఉపవర్గాలను రానిచ్చే రూపంలో 62వ స్థానపు సిస్టీన్ సెరీన్‌గా మారింది.

ఈ వివరాలు 'శక్తి' అనే అపోహను పూర్తిగా తొలగించాయి. అయితే కొత్త అపోహకు తావిచ్చాయి. గ్రాహకాన్ని సవరిస్తే చాలు, వైరస్ సమస్య తీరుతుందన్నదే ఆ అపోహ. 2020లో చెక్ పరిశోధకులు క్రిస్పర్ పద్ధతిలో జె ఉపవర్గపు గ్రాహకంలోని 38వ ట్రిప్టోఫాన్‌ను తొలగించి, ఆ వైరస్ సోకని కోళ్లను రూపొందించారు. అది నిస్సందేహంగా గొప్ప విజయం. కానీ జె ఉపవర్గపు చరిత్రే ఒక హెచ్చరిక. 1980ల చివర బ్రిటన్‌లో మాంసపు కోళ్లలో గుర్తించి, 1991లో నివేదించిన ఈ వైరస్ ఆవరణ జన్యువు, కోడిలోని మరో అంతర్జాత వైరస్ కుటుంబపు ఆవరణ జన్యువును దగ్గరగా పోలి ఉంది. బయటి వైరస్‌కు కొత్త తాళంచెవి లోపలి నుండే అంది ఉంటుందన్నది దీనికి అంగీకృతమైన వివరణ. టాప్లిట్జ్, కాఫిన్ 1997లో లొంగే కోడికణాలను, లొంగని కౌజుపిట్ట కణాలను కలిపి పెంచి, బి ఉపవర్గ వైరస్‌ను వాటిలో పదేపదే వృద్ధి చేసినప్పుడు, లొంగని కణాల్లోకీ ప్రవేశించగల రూపాంతరం వచ్చింది. లొంగే కణాల పక్కన ఉన్న నిరోధక కణం వైరస్‌కు అంతిమ గోడ కాదు, ఎంపిక ఒత్తిడి.

9. పదం వెనుక పందెం:

ఈ చర్చ కేవలం నిఘంటు చర్చ కాదు. మొదటిది, వ్యాధి నిర్ధారణ. అంతర్జాత వైరస్ లేని 'లైన్ 0' కోళ్ల నుండి వచ్చిన డి.ఎఫ్.-1 కణాలు ఇ ఉపవర్గానికి లొంగవు కనుక, వాటిలో పెరిగిన ల్యూకోసిస్ వైరస్ బయటి నుండి వచ్చినదేనని చెప్పవచ్చు. ఇక్కడ సంకేతం ఎంతో ఉపకరిస్తుంది. కానీ అదే పరీక్షలో వైరస్ పెరగకపోతే 'కోడిలో వైరస్ లేదు' అనడం తప్పు. 'బహిర్జాత వైరస్ కనపడలేదు' అన్నంతవరకే సరి.

రెండోది, టీకాల భద్రత. కోడి పిండాల్లో తయారైన పసుపు జ్వరం టీకాలో ల్యూకోసిస్ వైరస్ ఉన్నట్లు 1960లలో తేలింది. ఆ టీకా తీసుకున్న అమెరికన్ సైనికులపై 1972లో వెలువడిన అధ్యయనంలో కేన్సర్ పెరుగుదల కనపడలేదు. 1990ల మధ్యలో కోడికణాల్లో తయారయ్యే టీకాల్లో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చర్య కనిపించింది. బయటి వైరస్ లేని మందల నుండి తెచ్చిన గుడ్లలోనూ ఇది సహజం, ఎందుకంటే మూలం వారసత్వంగా వచ్చిన ప్రోవైరస్‌లు. టీకా తీసుకున్నవారిలో ఆ వైరస్‌లు సోకిన ఆధారం దొరకలేదు. 'వైరస్ రహిత మంద', 'నిరోధక కణం' అనే మాటలను అక్షరార్థంగా తీసుకున్న పాఠకుడికి ఇది భయం కలిగించే వార్త. మాటల పరిధి తెలిసినవారికి ఇది ఊహించదగిన ఫలితం.

మూడోది, కోళ్ల పెంపకం. ఈకలు నిదానంగా పెరిగే లక్షణాన్ని బట్టి కోడిపిల్లల లింగాన్ని గుర్తించే పద్ధతిలో వాడే జన్యువుకు ఆనుకుని 'ఈవీ-21' ప్రోవైరస్ ఉంది. తల్లి నుండి ఆ అంతర్జాత వైరస్ సోకిన పిల్లలు దాన్ని పరాయిదిగా గుర్తించక, బయటి ల్యూకోసిస్ వైరస్ పట్ల కూడా మందకొడిగా స్పందిస్తాయి. తల్లి కణాలు ఇ ఉపవర్గానికి లొంగనివైతే ఈ సంక్రమణ తగ్గుతుంది. అనగా కణస్థాయి నిరోధకత ఉంటే, పిల్లల రోగనిరోధక శక్తి నిలుస్తుంది. తెలుగులో రెండింటికీ ఒకే మాట వాడితే ఈ వాక్యమే రాయలేము. కోళ్ల పరిశ్రమ బలంగా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో పశువైద్య, జీవశాస్త్ర అధ్యాపకులకు ఈ విభజన ఐచ్ఛికం కాదు.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

• 'నిరోధక కోడికణం' అన్నది ఒక గుణం కాదు, ఒక కణానికీ ఒక వైరస్ ఆవరణకూ మధ్య సంబంధం. ఏ ఉపవర్గానికి నిరోధకమో చెప్పని వాక్యం అసంపూర్ణం.

• ఆ మాట కింద నాలుగు ప్రక్రియలున్నాయి: గ్రాహకం లేకపోవడం, సోకిన వైరస్ గ్రాహకాన్ని ఆక్రమించడం, అంతర్జాత ప్రోవైరస్ గ్రాహకాన్ని ఆక్రమించడం, ప్రవేశం తర్వాత ప్రోవైరస్ వ్యక్తం కాకపోవడం. తెలుగు పాఠ్యాల్లో మొదటిదాన్ని 'ప్రవేశలేమి' అని, మధ్య రెండింటిని 'ఆక్రమణ నిరోధం' అని, చివరిదాన్ని 'ప్రోవైరస్ మౌనం' అని వేరు చేసి, 'నిరోధక శక్తి'ని ప్రతిరక్షణకే పరిమితం చేయడం మేలు.

• 'సి/ఇ' వంటి సంకేతాలను విడనాడవలసిన పనిలేదు. అవి తలుపును గురించి చెబుతాయే తప్ప ఇంటిని గురించి కాదని ప్రతి తరగతిలో చెప్పవలసి ఉంది.

• నిరోధక కణంలో రెట్రోవైరస్ మూడు దారుల్లో నిలుస్తుంది: వేరొకరి ఆవరణతో ప్రవేశించి, కణవిభజనతో వ్యాపించి, వారసత్వంగా తరాలు దాటి. ఈ మూడింటిలో దేనినీ గ్రాహకలేమి ఒక్కటే ఆపలేదు.

రౌస్ వైరస్‌పై వందేళ్లకు పైగా సాగిన పరిశోధనలో ఎన్నో చిక్కుముళ్లు విడిపోయాయి. వాటిలో కొన్ని ముళ్లు ప్రకృతి వేసినవి కావు, మాట వేసినవి. వాటిని విప్పడం ప్రయోగశాల బాధ్యత ఎంతో, భాష బాధ్యత కూడా అంతే.